సుద్దముక్కల డబ్బాలో డౌట్లు

తొమ్మిదో తరగతిలో నేను రాసిన లీవ్ లెటర్ ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్.' ఎర్ర సిరాతో 'సిన్స్' చుట్టూ సున్నా చుట్టి, పక్కనే మా ఇంగ్లీషు సారు ఒక బొమ్మ గీశారు: గోడకు మేకు, దానికి కట్టిన దండెం తాడు.

నిన్నటి నుంచి జ్వరమన్నా, రెండు రోజుల నుంచి జ్వరమన్నా మనకు ఒకటే 'నుంచి'. ఇంగ్లీషుకు అక్కడ రెండు మాటలు కావాలి. దండెం ఎక్కడ మొదలైందో చూపించే మేకు 'సిన్స్', తాడు ఎంత పొడుగో చెప్పేది 'ఫర్'. సిన్స్ మండే, ఫర్ టూ డేస్. పైగా మొదలై ఇంకా సాగుతున్న జ్వరం కాబట్టి 'ఐ యామ్' కాదు, 'ఐ హావ్ బీన్ సఫరింగ్' అనాలట. జ్వరం మూడో రోజుకు తగ్గింది గానీ ఆ 'హావ్ బీన్' మాత్రం పదో తరగతి పరీక్షల దాకా వదల్లేదు.

మాది తెలుగు మీడియం. ఇంగ్లీషు థర్డ్ లాంగ్వేజి. కోఠి ఫుట్‌పాత్ మీద పాత గ్రామర్ పుస్తకాలు బేరమాడి కొని, మొదటి పాఠం దాటకుండా అటకెక్కించిన బ్యాచ్ మాది. సారు తార్నాకలో, ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చే సీఫెల్‌లో ట్రైనింగ్ అయి వచ్చారని పక్క సెక్షన్ వాళ్ల దగ్గర గొప్పలు పోయేవాళ్లం. 1958లో పెట్టిన ఆ సంస్థ 2007లో యూనివర్సిటీ అయి ఇఫ్లూగా మారింది. మెట్రోలో తార్నాక స్టేషన్ వచ్చినప్పుడల్లా నాకు ఆ మేకే గుర్తొస్తుంది.

శనివారం ఆఖరు పీరియడ్ డౌట్లకు. అడగడానికి సిగ్గుపడేవాళ్ల కోసం సారు సుద్దముక్కల ఖాళీ డబ్బాకు పైన గాటు పెట్టి బల్ల మీద ఉంచేవారు. చీటీ మీద పేరు రాయనక్కర్లేదు. చేతిరాత చూసి ఆయన ఎట్లాగూ పట్టేసేవారు, అది వేరే సంగతి. 'ఎమ్మెల్యే ముందు ఏ రావాలా, యాన్ రావాలా?' అని ఒక చీటీ. రాసే అక్షరం కాదురా, పలికే చప్పుడు చూడాలి, 'ఎమ్' అచ్చుతో మొదలైంది కాబట్టి యాన్ అన్నారు. 'మరి యూనివర్సిటీకి?' 'యూ'లో ముందు పలికేది యకారం, కాబట్టి ఏ.

ఒకసారి ఆడపిల్లల వైపు నుంచి వచ్చిన చీటీకి సారే నవ్వు ఆపుకోలేకపోయారు. 'పెదనాన్న కొడుకూ కజినే, మేనమామ కొడుకూ కజినే అయితే, ఎవరు అన్నో ఎవరు బావో ఇంగ్లీషువాళ్లకు ఎట్లా తెలుస్తుంది సార్?' తెలియనక్కర్లేదమ్మా, వాళ్లకు ఆ వరసల బాధ లేదు అన్నారు. ఆ వెంటనే వెనక బెంచీ నుంచి మరొకడు (పేరు రాస్తే ఊరుకోడు) చీటీ లేకుండానే లేచాడు. 'మా తాతను కూడా హీ అనాలా సార్? మా తమ్ముడూ హీ, తాతా హీ?' 'దేవుణ్ని కూడా హీ అనే అంటార్రా. మహా అయితే పెద్ద హెచ్ పెడతారు.'

అన్నిటికంటే నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఎస్, నో.

"డిడింట్ యూ కమ్ యెస్టర్‌డే?"

"ఎస్ సార్."

"వచ్చినవా? మరి హాజరు పడలేదేం?"

"అవ్ సార్, రాలే."

మన 'అవ్' అడిగిన మనిషి మాటకు జవాబు. మీరన్నది నిజమే, రాలేదు అని. ఇంగ్లీషులో ఎస్ అయినా నో అయినా జరిగినదానికే అంటుకుంటుంది. వస్తే ఎస్, రాకపోతే నో. ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సరే. సారు ఆ రోజు పీరియడ్ అంతా దీని మీదే నడిపారు. నాకు అర్థమైందనే అనుకున్నాను.

డిగ్రీ అయ్యాక అబిడ్స్‌లో ఒక ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్లాను. "యూ డోంట్ నో టైపింగ్?" అన్నారు. వినయంగా "ఎస్ సార్" అన్నాను. తీసుకెళ్లి మిషన్ ముందు కూర్చోబెట్టారు. నా పేరులో మొదటి అక్షరం ఎక్కడుందో వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

'డిస్కస్ అబౌట్' కొట్టేసినప్పుడు సారు చెప్పింది మాత్రం బాగా నాటుకుంది: డిస్కస్ కడుపులోనే 'గురించి' ఉంది, మళ్లీ బయట తగిలించకు. 'మ్యారీడ్ విత్ హర్' అని రాస్తే తెలుగులోకి వెళ్లి రమ్మనేవారు. 'సీతతో పెళ్లయింది' అంటాం, 'సీతను పెళ్లాడాడు' అనీ అంటాం గదా; 'మ్యారీ' ఆ రెండో దాని లాంటిది, మధ్యలో 'తో' అక్కర్లేదు. పెళ్లాడడం అనే మాటను అంత శ్రద్ధగా చూడటం నాకు అదే మొదటిసారి, అదీ ఇంగ్లీషు క్లాసులో.

మొన్న మా క్లాసువాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: 'రీయూనియన్ మీటింగ్ ప్రీపోన్డ్', అంటే అనుకున్న తేదీ కంటే ముందే పెట్టారని. అర్ధరాత్రి దాకా కొట్లాట. అసలా మాటే లేదని సారు ఎర్రసిరాతో కొట్టేసేవారని సగం మంది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనే ఉందని, ఇండియాలో వాడే మాటగా దాన్ని చేర్చుకున్నారని మిగతా సగం. ఉన్నమాట నిజమే, నేనూ చూశాను.

సారు ఆ రోజు వస్తున్నారట. చీటీ రాసి జేబులో పెట్టుకున్నాను. పేరు రాయలేదు.