క్యామ్‌డెన్‌లో భోజనం, డబ్లిన్‌లో బడ్జెట్

లండన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం క్యామ్‌డెన్ స్క్వేర్‌లో, ఐర్లండ్ నుంచి వలస వచ్చినవారి కోసం నడిచే ఐరిష్ సెంటర్‌కు వెళ్లాను. వృద్ధులు ఉడికించిన బంగాళాదుంపలు, మాంసంతో భోజనం ముగించి చిక్కటి టీ తాగుతున్నారు. ఒక పెద్దాయన ప్లాస్టిక్ సంచిలోంచి మడతలు నలిగిన ఉత్తరాలు తీసి బల్ల మీద పరిచారు. పక్కన కూర్చున్న కార్యకర్త ఒక్కొక్కటే చదువుతూ పింఛను దరఖాస్తు నింపసాగింది. నలభై ఏళ్లు లండన్ రోడ్లు తవ్విన ఆయనకు కూలి రోజువారీగా చేతికి అందిందే తప్ప, పింఛనుకు ఆధారమైన బీమా చందా ఆయన పేరున కట్టిన మేస్త్రీలు తక్కువ. అందువల్ల ఆ కష్టంలో సగం ఏ కాగితంలోనూ లేదు.

ఇలాంటి కేంద్రాల సిబ్బంది ఖర్చులో కొంత ఐర్లండ్ ప్రభుత్వం భరిస్తుందని అక్కడే తెలిసింది. 1950ల దశకంలో ముప్పై లక్షల జనాభా కూడా లేని ఆ దేశం నుంచి దాదాపు నాలుగు లక్షల మంది వలస వెళ్లారు. వారిలో అత్యధికులు చేరింది బ్రిటన్‌కే. వారు పంపిన పోస్టల్ ఆర్డర్లతో ఎన్నో పల్లెటూరి ఇళ్లలో పొయ్యి వెలిగింది. బ్రిటన్‌లోని సంస్థలకు 1984 నుంచే కొద్దిపాటి సాయం అందుతున్నా, 2002లో ఒక ప్రభుత్వ కార్యదళం నివేదిక ఇచ్చిన తరువాత, 2004లో విదేశాంగ శాఖ ఎమిగ్రెంట్ సపోర్ట్ ప్రోగ్రామ్ అనే వలసదారుల సహాయ పథకాన్ని ప్రారంభించింది. మాంద్యం వచ్చినప్పుడు కోత పడింది గానీ పథకం ఆగలేదు. 2010ల దశకంలో చాలా ఏళ్లు ఏటా సుమారు 1.16 కోట్ల యూరోలు ఇచ్చారు. అందులో పెద్ద వాటా బ్రిటన్‌కే వెళ్తుంది. ఆ డబ్బు వ్యక్తులకు కాక లాభాపేక్ష లేని సంస్థలకు, అవి పెట్టుకున్న దరఖాస్తును బట్టి అందుతుంది.

వ్యాపార బృందాలకూ, వారసత్వ కార్యక్రమాలకూ ఇదే పథకం నుంచి డబ్బు ఇవ్వడం నాకు అంతగా రుచించదు. కలిగినవారు తమ విందుకు తామే చందా వేసుకోగలరు. దరఖాస్తు నింపిపెట్టే మనిషిని ఆ పెద్దాయన ఎక్కడినుంచి తెచ్చుకుంటారు?

మన సంగతి గుర్తుకు రాకుండా ఉండదు. విదేశాల్లో చిక్కుకున్న మనవారిని ఆదుకోవడానికి భారత ప్రభుత్వం 2009లో ఏర్పరచిన సంక్షేమ నిధికి ప్రధాన ఆధారం, కాన్సులర్ సేవలకు ప్రవాసుల నుంచి వసూలు చేసే రుసుమే. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. అది అవసరమే, కానీ ఆ సాయం మనిషి పోయిన తరువాతి మాట.

ఆ రోజు దరఖాస్తు పూర్తయ్యాక, వృద్ధులను స్వదేశానికి చేర్చి ఇల్లు చూపించే సంస్థ మేయో కౌంటీలో ఉందని, పేరు రాయమంటారా అని కార్యకర్త అడిగింది. ఆయన ఉత్తరాలన్నీ తిరిగి సంచిలో సర్దుకున్నారు. “అక్కడ నన్ను గుర్తుపట్టేవారు ఎవరున్నారమ్మా,” అని, మరో కప్పు టీ అడిగారు.