సికిల్ సెల్ క్రిస్పర్ చికిత్స: కత్తెర పని సులువే, మూలకణాలు తీయడమే కష్టం

ఎర్రరక్త కణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకు వచ్చిన క్రిస్పర్ (జన్యువులను కత్తిరించే పద్ధతి) చికిత్స కాస్‌జెవీకి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. చెడిన జన్యువును సరిచేస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ జన్యువు జోలికే పోరు. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రోటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలిన్ చేరిన లోపం అలాగే ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఎఫ్ పుట్టాక కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. అది మళ్లీ పెరిగితే కణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. దాన్ని అణిచిపెట్టేది బీసీఎల్11ఏ అనే మరో జన్యువు. బీసీఎల్11ఏ ఎర్రరక్త కణాల్లో పనిచేయడానికి కావాల్సిన స్విచ్ లాంటి భాగాన్ని మాత్రమే కత్తిరిస్తారు. బీసీఎల్11ఏ జన్యువునే పాడుచేస్తే లింఫోసైట్ల (ఒక రకం తెల్లకణాల) తయారీ దెబ్బతింటుంది.

కత్తిరింపు ల్యాబ్‌లో జరిగిపోతుంది. రోగి నుంచి తీసిన, రక్తకణాలను పుట్టించే మూలకణాలకు క్షణకాలం విద్యుత్తు తగిలించి, కణపొర తెరుచుకున్నప్పుడు కత్తెరలా పనిచేసే కాస్9, దానికి చోటు చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏ లోపలికి పంపుతారు. రోగికీ ఆసుపత్రికీ చుక్కలు కనిపించేది దానికి ముందూ తర్వాతా.

మూలకణాలను మజ్జలోంచి రక్తంలోకి రప్పించడానికి మామూలుగా ఇచ్చే జీ-సీఎస్‌ఎఫ్ అనే మందు ఇక్కడ పనికిరాదు. అది తెల్లకణాలను ఒక్కసారిగా పెంచి తీవ్రమైన నొప్పులు, ఒక్కోసారి ప్రాణాపాయం తెస్తుంది. అందుకే ప్లెరిక్సాఫర్ అనే మరో మందు ఒక్కటే ఇస్తారు, కిలోకు 0.24 మి.గ్రా. దానికి కనీసం 8 వారాల ముందే ఈ జబ్బుకు రోజూ వాడే హైడ్రాక్సీయూరియా ఆపాలి, రక్తం ఎక్కిస్తూ లోపమున్న హిమోగ్లోబిన్ ఎస్‌ను 30 శాతం లోపు ఉంచాలి. చివరికి చేతికి రావాల్సిన మోతాదు కిలోకు కనీసం 30 లక్షల సీడీ34 (మూలకణాల గుర్తు) కణాలు. ఎడిట్ చేసినవి నిలదొక్కుకోకపోతే తిరిగి ఎక్కించడానికి మార్చని కణాలు కిలోకు 20 లక్షలు విడిగా దాచాలి. ఒక్క విడతలో ఇన్ని సాధారణంగా దొరకవు. చాలామందికి ఈ తంతు రెండు మూడుసార్లు జరగాలి, తర్వాత తయారీకి ఆరు నెలల దాకా పట్టవచ్చు.

ఆపైన బుసల్ఫాన్ అనే కీమో మందు. పాత మజ్జను ఖాళీ చేయకపోతే కొత్త కణాలకు చోటుండదు. నోటిలో పుండ్లు, ఇన్‌ఫెక్షన్లు, పిల్లలు పుట్టకపోయే ముప్పు దీనివల్లే. క్రిస్పర్ తప్పేమీ లేదు. వీర్యం, అండాలు భద్రపరచుకోవడం గురించి దీనికి ముందే మాట్లాడాలి. గడ్డకట్టించి దాచిన కణాల సీసా కరిగాక 20 నిమిషాల్లో ఎక్కించేయాలి.

ఫలితం మాత్రం గట్టిదే. ట్రయల్‌లో 30 మందికి 29 మంది కనీసం వరుసగా 12 నెలలు తీవ్రమైన నొప్పుల దాడి లేకుండా గడిపారు. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. ఆదిలాబాద్ గూడేల్లోనో పాడేరు ఏజెన్సీలోనో ఉన్నవారికి ఈ అంకె చెప్పడమే ఎకసెక్కం. అక్కడ ఇప్పటికీ ఆధారం హైడ్రాక్సీయూరియానే. అదీ హిమోగ్లోబిన్ ఎఫ్‌నే పెంచుతుంది, రోజూ మింగే గుళికతో. మొదట్లో తరచూ రక్తపరీక్ష చేయించి న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), ప్లేట్‌లెట్లు పడిపోకుండా చూడాలి. చిక్కల్లా వారం రోజులకే "గుణం కనబడలేదు" అని మానేయడం. ఎఫ్ పెరగడానికి నెలలు పడుతుంది.

ఇంకో మాట. కాస్‌జెవీతో మారేది మజ్జ కణాలే. అండాలు, వీర్యకణాలు మారవు. చికిత్సయ్యాక కూడా బిడ్డకు చెడిన బీటా గ్లోబిన్ జన్యువు ఒకటి తప్పక అందుతుంది. కాబట్టి పెళ్లికి ముందు అవతలివారికి హిమోగ్లోబిన్ రకాలు తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించాల్సిందే.