రెండు పుట్టుమచ్చలు

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే వారం మా బడిలో ఓ తంతు నడిచేది. నామినల్ రోల్స్ నింపడం. ఒక్కొక్కడినీ బల్ల దగ్గరికి పిలిచి, పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ సరిచూసి, చివర్లో "పుట్టుమచ్చలు చూపించరా" అనేవారు సోషల్ మాస్టారు. రెండుండాలి, ఒకటుంటే కుదరదు. ఆ వారమంతా మగపిల్లలం చొక్కాలెత్తి ఒకడి వీపు ఒకడు వెతుక్కున్నాం. నాకు కుడి మణికట్టు మీద ఒక్కటే దొరికింది. రెండోది ఎంత వెతికినా లేదు. చివరికి మాస్టారే నా ఎడమ మోకాలి మీద సైకిల్ మీంచి పడ్డ దెబ్బ చూశారు. ఇంకా పెచ్చయినా ఊడలేదు. "ఇది చాల్లే" అని ఇంగ్లీషులో రాసేసుకున్నారు: ఎ స్కార్ ఆన్ ది లెఫ్ట్ నీ. రాస్తూ రాస్తూ, "మనవాళ్ళని ఓడెక్కించినప్పుడూ ఇలాగే మచ్చలు చూసి రాసుకున్నార్రా" అన్నారు.

నాకు ముక్క అర్థం కాలేదు. వెనకవాడు తోస్తుంటే జరిగిపోయాను.

మా బడి తెస్తున్న ఈ సంచికకి మా 1989 బ్యాచ్ తరఫున నన్ను రాయమన్నారు. "చరిత్ర చదివినవాడివి, బడి చరిత్ర రాసెయ్" అన్నారు. బడి చరిత్ర సగం పునాదిరాయి మీదే ఉంది, మిగతా సగం నాకంటే బాగా తెలిసినవాళ్ళున్నారు. నేను మాస్టారి గురించి రాస్తాను. పేరు వేయొద్దని ఆయనే అన్నారు కాబట్టి వేయడం లేదు.

ఆయన పాఠం సిలబస్ ప్రకారం నడిచేది కాదు. రెండు ప్రపంచ యుద్ధాల్నీ ఒకే పీరియడ్‌లో ముగించేశారు. ఆ దెబ్బకి పోయిన మార్కుల బాధ నాకిప్పటికీ ఉంది. ఊళ్ళ పేర్ల మీద మాత్రం మూడు రోజులు చెప్పారు. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు 'వలస'తో ముగిసే ఊళ్ళు తెలిసినన్ని రాసుకురమ్మన్నారు. తెచ్చాక, "కొత్తవలస అంటే ఎవరో కొత్తగా వచ్చి కూర్చున్నారనే కదా. ఎక్కణ్ణించి వచ్చారు? ఎందుకొచ్చారు?" అని అడిగి కూర్చున్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. అలా జవాబు లేకుండానే బెల్లు కొట్టేసేవారు చాలాసార్లు.

ఇంకోటి హాజరుపట్టీ సంగతి. క్లాస్ లీడర్ని నేను. ఒకడు ఇరవై రోజులుగా రావడం లేదు, పేరు మీద ఎర్రగీత కొట్టాలి. "కొట్టేముందు ఇంటికెళ్ళి కనుక్కురా" అన్నారు. వెళ్ళాను. తలుపుకి తాళం కాదు, తాడు కట్టుంది. పక్కింటి ముసలమ్మ చేట పక్కనపెట్టి, "ఆళ్ళు బట్టీకి ఎలిపోనారు బాబూ. ఇటికల బట్టీకి. వానలు పడితే వచ్చెత్తారు" అంది. ఆ మాటే వచ్చి చెబితే మాస్టారు రిమార్కుల గడిలో పెన్సిల్‌తో 'తండ్రి వెంట ఇటుక బట్టీకి' అని రాశారు. ఎర్రగీత కొట్టలేదు.

ఆ గడి విలువ నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. వాల్తేరులో ఎమ్మే అయ్యాక వలస కూలీల మీద పరిశోధనకి దిగాను. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది. బానిసలు పోయారు గానీ చెరకు తోటలు అలాగే ఉన్నాయి. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని మారిషస్‌కి చేర్చింది. 1860 నవంబరు 16న 'ట్రూరో' మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఆగింది. అయిదేళ్ళ ఒప్పందం, దాన్నే జనం గిర్మిట్ అన్నారు. 1911 దాకా, డర్బన్ రేవున్న ఒక్క నాటాల్‌కే వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. ఆఖరి మనిషి దాకా లెక్క ఉందంటే ప్రతి ఒక్కరికీ ఓ నంబరు తగిలించారు కాబట్టే. ఇక హాజరు విషయానికొస్తే, మారిషస్ తోటల్లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. 'డబుల్ కట్' అని దానికి పేరు. జ్వరమా, చావా, పురుడా అని రాసుకునే పెన్సిల్ అక్కడెవరి చేతిలోనూ లేదు.

నాటాల్ ఓడల జాబితాలు మొదటిసారి ముందేసుకుని కూర్చున్న రోజు బాగా గుర్తుంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఆ పక్కన ఒంటి మీది గుర్తులు. వరసగా చదువుకుంటూ వస్తున్నాను. ఒక గడిలో ఎడమ మోకాలి మీద గాయపు మచ్చ అని ఉంది. నా నామినల్ రోల్‌లో ఉన్న ముక్కే. చెయ్యి నాకు తెలియకుండానే మోకాలి మీదకి పోయింది.

అన్ని గడులున్నాయి, ఇంటిపేరుకి లేదు. అడిగినవాడికి దాంతో పనిలేదు. మనకి ముందు ఇంటిపేరు, తర్వాత మనిషి పేరు. అక్కడ మనిషి పేరొక్కటే మిగిలి, రెండో తరానికి అదే ఇంటిపేరైంది. అప్పలస్వామి అప్పల్సామీ అయ్యాడు, నాయుడు నాయిడూ అయ్యాడు. కొందరికి కులం గడిలో 'జెంటూ' అని కొట్టేశారు. తెలుగువాళ్ళకి ఇంగ్లీషువాళ్ళు వాడిన పాత మాట అది. చికకోల్ అంటే శ్రీకాకుళమనీ, బిమ్లీపటం అంటే భీమునిపట్నమనీ కొన్నాళ్ళకి అలవాటైపోతుంది. చిక్కంతా ఊరి పేరుతోనే. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు.

ఇంత దూరం వెళ్ళి చదువుకున్నాను గానీ, వలస మా ఇళ్ళలోనే ఉంది. రంగం పోవడం అనేవారు, అంటే రంగూన్. కళింగపట్నంలోనో భీమిలిలోనో స్టీమరెక్కి రేవు పనికి, బియ్యం మిల్లులకి పోవడం. దానికి గిర్మిట్ లేదు, ఎప్పుడంటే అప్పుడు తిరిగి రావచ్చని పేరు. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరితే కదా! అక్కడ మనవాళ్ళని 'కోరంగీలు' అనేవారు, గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద. 1839 తుఫానుకి ఆ రేవు దెబ్బతిన్నా సముద్రం అవతల పేరు మాత్రం అలాగే నిలిచింది. 1942లో జపాన్ సైన్యం రంగూన్ మీదకి వస్తుంటే వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. మా నాయనమ్మ తమ్ముడు వాళ్ళలో ఒకడు. ఆ నడక గురించి అడిగితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. నేను ఎన్ని ఆర్కైవులు తిరిగినా ఇంట్లో ఉన్న ఆ ఒక్క సాక్షి దగ్గరా ఒక్క వాక్యం రాబట్టలేకపోయాను.

నా మొదటి వ్యాసం అచ్చయ్యాక మాస్టారికి పోస్టులో పంపాను. మెచ్చుకుంటారనుకున్నాను. కార్డు వచ్చింది. అందులో రెండే మాటలు: "ఏ కొత్తవలస?" ఓడ జాబితాలోని ఒకతన్ని నేను రైల్వే జంక్షనున్న కొత్తవలసవాడని రాసేశాను. ఎందుకంటే నాకు తెలిసింది అదొక్కటే. మా రెండు జిల్లాల్లో ఆ పేరుతో ఊళ్ళు ఒకటి కాదు. ఆ జాబితాలో పేరు రాయించుకున్నవాడే నా బల్ల ముందు నిలబడి అడిగినట్టనిపించింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ జాబితాలోని మనిషి ముని మనవరాలు డర్బన్ నుంచి వచ్చారు, ఆ కాగితం జిరాక్సు పట్టుకుని. రెండు రోజుల్లో మూడు కొత్తవలసలు తిరిగాం. మూడో ఊళ్ళో రామకోవెల అరుగు మీద కూర్చున్న ముసలమ్మ, "మీ ఇంటిపేరేటమ్మా?" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ గర్వంగా చెప్పారు. ముసలమ్మ నా వైపు తిరిగి, "అది మడిసి పేరు కదా బాబూ. ఇంటిపేరేటంతన్నాను" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ కాగితం తీసి నంబరు మీద వేలుపెట్టి చూపించారు. ముసలమ్మ దానివైపు కాస్సేపు చూసి, "సర్లే, ముందు కూకోండి" అని జరిగి చోటిచ్చింది.

నా పుస్తకంలో అతని ఊరి గురించి 'తేలలేదు' అనే రాశాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ జిరాక్సు మాస్టారికి చూపించాను. ఎనభై దాటాయి, భూతద్దం పెట్టుకుని గడి గడీ చదివారు. చివరి గడి దగ్గర ఆగి, "ఎడమ మోకాలు! నీకూ ఇదే రాశాను కదరా. ఏదీ, చూపించు" అన్నారు. యాభై దాటినవాణ్ణి, మనవలు చూస్తుండగా ప్యాంటు మడిచాను. ఏమీ లేదు. కుడి మోకాలు కూడా చూశారు.

"గడిలో ఉంది, కాలి మీద లేదు" అని అద్దం పక్కన పెట్టారు. "ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పుడొస్తుంది? వస్తే నా దగ్గరికి తీసుకురా. మిగతా కొత్తవలసలు నేను తిప్పుతాను."