పాత షెవీకి కొత్త ట్రాన్స్‌ఫర్ కేస్

మా 1976 షెవర్లే కె10 ట్రక్కు రిస్టోర్ అయ్యాక బాడీ, ఇంజిన్ అన్నీ బాగా కుదిరాయి, కానీ కింద ఉన్న ఎన్‌పీ203 ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) మాత్రం నాకు మొదటినుంచీ నచ్చలేదు. అది ఫుల్‌టైమ్ రకం. అంటే పొడి రోడ్డు మీద సరుకులకు వెళ్తున్నా ముందు యాక్సిల్‌, దాని షాఫ్టు తిరుగుతూనే ఉంటాయి, బండి అనవసరంగా పెట్రోలు తాగుతుంది. పైగా లోపల ఉన్నది చైను, ఏళ్లు గడిచేకొద్దీ సాగుతుంది.

అదే కేస్‌ను, ముందు చక్రాలకు అవసరమైనప్పుడే శక్తి అందేలా మార్చే పార్ట్‌టైమ్ కిట్ వేస్తే చాలన్నారు కొందరు. ఖర్చు తక్కువే, కానీ ఆ పాత చైను అలాగే ఉంటుంది కదా! అందుకే ఎన్‌పీ205 తెచ్చాం. పోత ఇనుప బాడీ, లోపలంతా గేర్లే, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) నిష్పత్తి సుమారు 1.96. చూస్తేనే ధైర్యం వస్తుంది.

అసలు పని కేస్ బిగించడం కాదు, దాని చుట్టూ ఉన్నవి కలపడం: గేర్‌బాక్స్‌కు సరిపోయే అడాప్టర్ వెతకాలి, 205 పొడవు తక్కువ కాబట్టి షాఫ్టులు కొలిచి మళ్లీ చేయించాలి, ముందు చక్రాలకు లాకింగ్ హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్‌తో కావాలంటే కలిపి, వద్దంటే విడదీసేవి) పెట్టాలి.

ఒక్క జాగ్రత్త. 205లో సెంటర్ డిఫరెన్షియల్, అంటే ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి, కాబట్టి పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే షాఫ్టులు మెలి తిరిగినట్టు బిగుసుకుంటాయి. బురద, మంచు, ఇసుక ఉంటేనే వేయండి.

ఇప్పుడు హైవే మీద స్టీరింగ్ ఎంత తేలికైందో! నాకైతే పెట్టిన ప్రతి డాలరూ సార్థకమే.