నా క్యారెక్టర్‌కు జ్ఞానోదయం అయింది, ఉన్న చుట్టాలంత పోయిండ్రు

నిన్న రాత్రి సెషన్ అయిపోయింది, కోపం ఇంక చల్లారలే, అయినా రాస్తున్న. మేం హన్మకొండల ఆదివారాలు కూసొని రూన్‌క్వెస్ట్ ఆడతం, 1978ల వచ్చిన గేమ్, టేబుల్ చుట్టు కూసొని తలా ఒక పాత్ర పట్టుకొని మాటలతోని, డైస్‌తోని ఆడేది, గ్రెగ్ స్టాఫర్డ్ అల్లిన గ్లోరాంథా లోకంల నడుస్తది. అండ్ల ఇల్యూమినేషన్ అని ఒకటుంటది, అంటే జ్ఞానోదయం, ఆ లోకంల నైసలోర్ అనేటోని పొడుపు కథలు విప్పుకుంట పోతే అయితది. అయినంక దేవుని కట్టుబాటు తప్పినా శిక్షించే ఆత్మలు మీదికి రావు. నాకు గదే కావాలె.

పొడుపు కథల కాడ కష్టమేం కాలే. మా నాయనమ్మది ములుగు దిక్కు, చిన్నప్పటి సంది ఆమె తాన ఇవే విప్పుకుంట పెరిగిన, మా గ్రూపుల నాతోని ఎవ్వడు సరిరాడు. సేక్రెడ్ టైంల, అంటే ఆ లోకంల ఏడాది చివరి పవిత్ర దినాలల్ల, డైస్ వేసిన, పడ్డది.

అసలు కథ అవతల మొదలైంది. మా తమ్ముడొకడు స్టార్మ్ బుల్ అనే దేవుని భక్తునిగ ఆడతడు. ఆ దేవుని మనుషులకు ఎవని మీద కేయాస్, అంటే లోకాన్ని చెడగొట్టే దుష్టశక్తి, మచ్చ ఉన్నా పసిగట్టే శక్తి ఉంటది, ఇల్యూమినేషన్ అయినోని మీద మాత్రం అది పన్జేయదు. అంటే నేను మంచోన్నని చూపెట్టే దారే లేదు! తెగ పంచాయితి పెట్టిండ్రు. వాడు లేసి నిలబడి "అన్నా, నీ మీద నాకేం తెలుస్తలేదు, గందుకే నిన్ను నమ్మ" అన్నడు. నా చెల్లెగ ఆడే అమ్మాయి గూడ తల వంచుకొనే నన్ను ఎల్లగొట్టుమని చెయ్యి లేపింది, ఎన్ని కొట్లాటలల్ల ఆమెకు అడ్డం నిలబడ్డనో అందరికీ ఎరుకే. ఇగ ఆట నడిపే గేమ్ మాస్టర్ అన్న, నన్ను ఒక్క మాట అడగకుండ నా క్యారెక్టర్ వివరాలున్న షీట్ గుంజుకొని "లవ్ ఫ్యామిలీ 80" అని, అంటే ఇంటోళ్ల మీది ప్రేమకు అంకె, ఉన్నదాన్ని రబ్బరుతోని తుడిచిండు, గట్టిగ రుద్దితే కాయితం ఆడ పలచబడి అవతలి గీత కనవడ్తుంది. 60 కాన్నుంచి పెంచుకున్న అంకె అది. బయట చాయ్ తాగేటప్పుడు గూడ అందరు నన్ను "గ్బాజీ" అని పిలుసుడే.

ఆ లోకం లెక్కల 375ల నైసలోర్ పుట్టిండు, 450ల అర్కాట్ అనే వీరుడు చంపిండు, ఆ నైసలోర్‌నే దేవుడన్నోళ్లున్నరు, గ్బాజీ అనే మోసగాడన్నోళ్లున్నరు. ఎరుక కలిగినోన్ని అనుమానించుడు మనుషులకు అలవాటే, అండ్ల మా వాళ్లు ఎక్కువేం కాదు తక్కువేం కాదు.

మీరు గీ దారి పట్టాలనుకుంటే ఏమేం పోతయో గేమ్ మాస్టర్‌తోని ముందే మాట్లాడుకొని షీట్ మీద పెన్నుతోని రాయించుకోండ్రి. స్టార్మ్ బుల్ ఆడేటోడు గ్రూపుల ఉంటే మాత్రం, వాడు ఎంత దోస్తైనా సరే, ఆ సంగతి తేలిందాక ఒక్క పొడుపు కథ గూడ విప్పకుండ్రి.