పల్లేరుకాయలు, ఒక ఉక్కు తీగ

ఆదివారం, రాత్రి

పొద్దున ఐదున్నరకు అనంతపురంలో బయలుదేరి, పెన్నహోబిలం నరసింహస్వామిని చూసుకొని, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలనుకున్నాం. చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. నేనూ, అక్క కొడుకూ. వాడు తొమ్మిదో తరగతి. ఇంత దూరం సైకిల్ తొక్కడం వాడికి ఇదే మొదలు. రానూపోనూ ఎనభై కిలోమీటర్లదాకా ఉంటుంది.

పోయేటప్పుడు చెప్పుకోవడానికి ఏమీ లేదు, అంత బాగా జరిగింది. కూడేరు దాటాక వెలుతురు వచ్చింది. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. గుడి దగ్గర ఇడ్లీలు తిని, సీసాలు నింపుకొని తొమ్మిదికి తిరుగుముఖం పట్టాం.

పది గంటలప్పుడు నా వెనక చక్రం మెత్తబడినట్టు అనిపించింది. గాలి పోతున్న సంగతి మొదట తెలిసేది నడుముకే. అంతవరకూ తెలియని చిన్న గతుకు కూడా తగలడం మొదలవుతుంది, మలుపులో వెనక భాగం పక్కకు జారినట్టు ఊగుతుంది. వెంటనే దిగిపోయాను. గాలి లేని చక్రం మీద కొంచెం దూరం తొక్కినా రిమ్ము అంచుకూ రోడ్డుకూ మధ్య ట్యూబ్ నలిగి కోసుకుపోతుంది. అప్పుడు అతుకు వేయడానికి కూడా పనికిరాదు.

కూడేరు ఇంకా ఐదారు కిలోమీటర్లు ఉంది. శివరాత్రి దాటిందంటే మా అనంతపురం ఎండ సంగతి తెలిసిందే. రోడ్డుకు కాస్త ఎడంగా ఒక వేపచెట్టు, దాని పక్కనే పశువుల నీళ్ల తొట్టి కనిపించాయి. నేను సైకిల్‌ను భుజాన వేసుకున్నాను. వాడు తన సైకిల్‌ను ఎండిన గడ్డిలో నడిపించుకుంటూ వచ్చాడు.

"స్పేర్ ట్యూబ్ ఉంది కదా మామా, వేసుకొని పోదాం పా" అన్నాడు.

ఉంది. వేస్తే పది నిమిషాల పని. కానీ గుచ్చుకున్నది టైరులోనే ఉండిపోతే, కొత్త ట్యూబ్ కూడా అర కిలోమీటరులో పోతుంది. అప్పుడు చేతిలో స్పేర్ ఉండదు, ఎండ మాత్రం ఇంకా పెరిగి ఉంటుంది. నాకు సైకిల్ గురించి ఒకే ఒక్క విషయం గట్టిగా చెప్పమంటే ఇదే చెబుతాను: పంచరు అంటే చిల్లు మూయడం కాదు, చిల్లు చేసినదాన్ని పట్టుకోవడం. దానికి అరగంట పట్టినా సరే, అది దొరకనిదే చక్రం మళ్లీ ఎక్కించకూడదు.

వెనక చక్రం తీయాలంటే ముందు గొలుసును అన్నింటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చుకోవాలి. అప్పుడు చక్రం సులువుగా జారి వస్తుంది, ఎక్కించేటప్పుడూ తికమక ఉండదు. టైరును ఒకవైపు లేపి ట్యూబ్ బయటికి లాగాను. నేనెప్పుడూ టైరు మీద కంపెనీ పేరు సరిగ్గా వాల్వ్ పక్కకు వచ్చేలా బిగిస్తాను. అందం కోసం కాదు. ట్యూబ్‌లో చిల్లు వాల్వ్‌కు ఎంత దూరంలో ఉందో కొలిస్తే, టైరులోనూ అంతే దూరంలో వెతకొచ్చు. చక్రమంతా గాలించే పని తప్పుతుంది.

ట్యూబ్‌కు గాలి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే లారీల మోతలో ఏమీ వినపడలేదు. పెదవుల దగ్గరికి తెచ్చి మెల్లగా తిప్పితే ఒకచోట చల్లగా తగిలింది. ఒకటే చిల్లు, చాలా సన్నది. చిల్లు ఎలా ఉందో చూస్తేనే సగం కథ తెలుస్తుంది. పక్కపక్కన రెండు ఉంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసిందని అర్థం. లోపలి వైపు, అంటే రిమ్ముకు ఆనుకునే వైపు ఉంటే స్పోకు మొన గుచ్చుకున్నట్టు, లేదా ఆ మొనలను కప్పే రిమ్ము టేపు జరిగినట్టు. ఇది బయటివైపు ఉంది, ఒకటే ఉంది. కాబట్టి రోడ్డు మీదిదే.

టైరు లోపల వేలితో తడిమితే ఏమీ తగల్లేదు. పైనుంచి చూసినా ఏమీ లేదు. అప్పుడు మెడలోని నూలు తువ్వాలు తీసి, కొలుచుకున్న చోట టైరు లోపల మెల్లగా రాశాను. ఒకచోట దారం పట్టుకుంది. అక్కడ చూస్తే వెంట్రుక కన్నా కొంచెం లావు ఉక్కు తీగ మొన, మహా అయితే రెండు మిల్లీమీటర్లు పొడుచుకొని వచ్చి ఉంది. హైవే అంచున సైకిల్ తొక్కేవాళ్లందరికీ ఇది శత్రువే. లారీల రేడియల్ టైర్ల లోపల ఉక్కు తీగల పొర ఉంటుంది. టైరు పేలినప్పుడు ఆ తీగలు తుంపులై రోడ్డు పక్కకు చేరతాయి. మనం తొక్కేదీ ఆ పక్కనే. మేకులను తిట్టుకుంటాం గానీ, మేకు కనీసం కంటికి కనిపిస్తుంది.

గోళ్లతో లాగితే రాలేదు. టైరును మడిచి బయటికి నెట్టినా జారిపోతోంది. అంతలో గొర్లను తోలుకొని ఒక పెద్దాయన తొట్టి దగ్గరికి వచ్చాడు.

"యాడికి పోయొస్తాండారప్పా? పంచరా?"

"పెన్నహోబిలం పోయొస్తాండాం పెద్దాయనా. తీగ ముక్క ఇరుక్కుంది, రావడంలేదు."

ఆయన ఇంకేమీ అడగలేదు. మొలతాడుకు కట్టుకున్న చిన్న శ్రావణం విప్పి, టైరును తొడ మీద పెట్టుకొని, మొన పట్టి ఒక్క లాగు లాగాడు. గొర్ల వెంట తిరిగేవాళ్లకు కాళ్లలో, గొర్ల గిట్టల్లో ముళ్లు తీయడం రోజువారీ పని కదా, చెయ్యి అంత స్థిరంగా ఉంది. తీగను మావాడి అరచేతిలో పెట్టాడు. వాడు దాన్ని చాలాసేపు చూశాడు. ఇంత చిన్నదానికి మనిషి ఆగిపోవాల్సి వచ్చిందే అని వాడి ముఖంలో కనిపించింది.

అప్పుడే ఆ పెద్దాయన మావాడి సైకిల్ ముందు చక్రం వైపు చెయ్యి చూపి, "దాన్ని చూసినారా?" అన్నాడు.

గడ్డిలో నడిపించిన చక్రం నిండా పల్లేరుకాయలు. వానాకాలంలో నేల మీద పాకి, పసుపు పూలు పూసి, చూడ్డానికి సాదాసీదాగా ఉండే మొక్క. కాయ ఎండితే అయిదు ముక్కలుగా విడిపోతుంది, ముక్క ముక్కకూ గట్టి ముళ్లు. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. నీరుకట్టుకు, అంటే మూత్రం సరిగా రాకపోతే, దీని కషాయం తాగుతారు. మందుగా దాన్ని ఎంత గౌరవించినా, సైకిల్ టైరుకు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.

వాడు గబగబా పీకబోతే ఆపాను. గుచ్చుకున్న ముల్లే కాసేపు బిరడాలా పనిచేస్తుంది, పీకితే గాలి బుస్సుమని పోతుంది. ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు పెన్నుతో గుర్తులు పెట్టించి, తర్వాత తీయించాను. నా దగ్గరున్న స్పేర్ ట్యూబ్ వాడి చక్రం కొలతకు సరిపోదు. అతుకులు వేయక తప్పదు. వాడి ట్యూబ్‌ను తొట్టిలో ముంచితే నాలుగు చోట్ల బుడగలు వచ్చాయి. మూతి దగ్గర ట్యూబ్ నీళ్లు కదిలిస్తున్నా గొర్లు తాగుతూనే ఉన్నాయి.

తడి తుడిచి ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో నునుపు పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పలుచగా పూశాం. చాలామంది ఇక్కడే తొందరపడతారు. సొల్యూషన్ తడిగా ఉండగానే అతుకు వేస్తే పట్టదు, అంచులు లేస్తాయి. పైన మెరుపు పోయి, వేలితో తాకితే అంటుకోనంతగా ఆరాలి. అప్పుడు వేసి మధ్యలో నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి.

ఆ ఆరేలోపు వాడు అడిగాడు, "మామా, అసలు గాలి లేని టైరు చేయలేరా?" మొదట ఉన్నవి అవేనని చెప్పాను. గట్టి రబ్బరు చక్రాల మీద ఎముకలు కదిలిపోయేవట. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయిడ్ డన్లప్ సైకిల్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. కొడుకు మూడు చక్రాల సైకిల్ సాఫీగా పోవాలని మొదలుపెట్టిన పని అది. అయితే ఆ టైరును రిమ్ముకు జిగురుతో అంటించేవాళ్లు, పంచరు పడితే గంటల తరబడి పని. విప్పి మళ్లీ బిగించుకునే టైరును 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ములు తెచ్చారు. మనం చెట్టు కింద కూర్చొని రెండు లివర్లతో టైరు విప్పగలుగుతున్నామంటే ఆ పనితనమే కారణం. వాడు శ్రద్ధగా విన్నాడు, నాకు సంతోషమేసింది.

చేతిపంపుతో కొట్టిన గాలి తొక్కడానికి సరిపోతుంది గానీ, నాలాంటి బరువైనవాడికి చాలదు. మెల్లగా కూడేరు చేరి పంచరు అంగడిలో ఆగాం. నా చక్రానిది సన్న వాల్వ్. అంగడిలోని కంప్రెసర్ గొట్టం బైకులకు, కార్లకు ఉండే లావు వాల్వ్‌కే పడుతుంది. అందుకని వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకుంటాను. సన్న వాల్వ్ ఉన్నవాళ్లెవరూ అది లేకుండా ఊరు దాటవద్దు. లేకపోతే పంచరు అంగడి ముందు నిలబడి కూడా గాలి లేకుండా పోవాలి. కంప్రెసర్‌తో ఒక్కసారిగా కొట్టకుండా, కొంచెం కొట్టి, టైరు అంచు రిమ్ములో అన్నివైపులా సమంగా కూర్చుందా, ట్యూబ్ ఎక్కడైనా మధ్యలో ఇరుక్కుందా అని చక్రం తిప్పి చూసుకున్నాం. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే ముద్రించి ఉంటుంది.

అంగడాయన సైకిల్ ట్యూబ్ మీది అతుకులు చూసి, ఈ పని చేయించుకునేవాళ్లే తగ్గిపోయారన్నాడు. ట్యూబ్‌లెస్ టైరుకు జిగురు తాడు దూర్చితే అయిపోతుంది, చక్రం విప్పే పనే లేదు. అది మంచిదే. కానీ మా వైపు తిరిగే సైకిళ్లలో ఎక్కువ ఇంకా ట్యూబ్ ఉన్నవే, బడి పిల్లలవి అయితే అన్నీ అవే. పంచరు వేయడం ప్రతి బడిలో ఒక పూట నేర్పినా బాగుంటుందని నాకు చాలాకాలంగా ఉంది.

ఇంటికి రాగానే అక్క టెన్షన్ పడి వాకిట్లోనే నిలబడింది. మావాడు మజ్జిగ కూడా తాగకుండా ముందు తీగ ముక్క చూపించాడు. దాన్ని కాగితంలో చుట్టి జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాడు.

వాడి ముందు చక్రానికి జిగురు నింపిన ట్యూబ్ వేయిద్దామా అని ఆలోచిస్తున్నాను. పల్లేరుకాయ చిల్లును ఆ జిగురు దానంతటదే మూసేస్తుంది. బరువు కొంచెం పెరుగుతుంది, అయినా మా నేలకు తగినదే. అంతవరకూ ఈ ట్యూబే. సాయంత్రం చూస్తే మూడో అతుకు అంచు కొంచెం లేచినట్టుంది. రేపు బడి నుంచి రాగానే బకెట్ నీళ్లలో ముంచి చూస్తాం. గాలి పోతుంటే పీకి మళ్లీ వేయాలి. ఈసారి ఉప్పుకాగితం మొదలు అంతా వాడే చేస్తానన్నాడు.