భరత్‌పూర్ ఎండలో కొండచిలువలు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పక్షుల కోసం వెళ్తారు. మేం జనవరి చలిలో కొండచిలువల కోసం వెళ్లాం. హైదరాబాద్ నుంచి రైల్లో మథుర దాకా, అక్కణ్నుంచి ట్యాక్సీ. అక్కడి కేవలాదేవ్ జాతీయ ఉద్యానం 29 చదరపు కిలోమీటర్లే. లోపల రిక్షాలు తిప్పే సర్దార్జీలే చాలామందికి గైడ్లు. మా సర్దార్జీకి ఏ పొద కింద ఏ బొరియ ఉందో కంఠతా వచ్చు.

తెల్లారకముందే బయల్దేరదామంటే వద్దన్నాడు. "పొగమంచు విడిపోయి నేల వేడెక్కాలి సార్, అప్పుడుగానీ అవి బయటికి రావు."

బాగా ఎండెక్కాక, పొదల మధ్య ఒక మిట్టకు చాలా దూరంలోనే రిక్షా ఆపేశాడు. బైనాక్యులర్‌లోంచి ముందు కనబడింది కన్నం దగ్గర పడి ఉన్న జానెడు ముల్లు, నలుపూ తెలుపూ చారలతో. ఆ బొరియ తవ్వింది ఏదుపంది. కొండచిలువకు తవ్వడం రాదు, ఏదుపంది ఇంట్లోనే చలికాలం గడుపుతుంది. గబ్బిలాలూ అందులోనే వేలాడతాయి. ఏదుపందిని మింగగలిగే పాము, ఆ పామును పొడిచి చంపగలిగే ముళ్లు, ఒకే చీకట్లో! ఇంతకంటే పెద్ద వింత ఆ అడవిలో నాకేదీ కనబడలేదు.

పాము కన్నం పక్కనే చుట్టచుట్టుకుని ఉంది. గోధుమరంగు ఒంటి మీద ముదురు మచ్చలు, తల మీద బాణం గుర్తు, పై పెదవి అంచున చిన్న గుంటలు. వేటజంతువు ఒంటి వేడిని చీకట్లో పసిగట్టేది ఆ గుంటలతోనే. కాస్త కదిలినప్పుడు పొలుసుల మీద నీలం, ఊదా మెరుపు పాకింది.

ఇంతలో ఒక గుంపు ఫోన్లు పట్టుకుని మిట్ట మీదికే వెళ్లింది. పాము తల తిప్పి, తొందరేమీ లేకుండా, బారెడు బారెడుగా బొరియలోకి జారిపోయింది. సర్దార్జీ వాళ్లను గట్టిగా కేకలేశాడు. నాకూ కడుపు మండింది. ఒంట్లో సొంతంగా వేడి పుట్టని జీవికి ఆ కాసేపటి ఎండే ఆధారం. ఒళ్లు వేడెక్కకపోతే తిన్నది అరగదు, మింగిన జంతువు కడుపులోనే కుళ్లే ప్రమాదం ఉంది.

అలాంటి జీవే గుడ్లు పొదిగేటప్పుడు మాత్రం వేడి పుట్టిస్తుంది. తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలను పదేపదే బిగిస్తూ వణుకుతుంది. అలా రెండు నెలల పాటు గుడ్లను వెచ్చగా ఉంచుతుంది. భారతదేశంలో ఈ సంగతి గమనించిన ఫ్రెంచ్ యాత్రికుడు లమార్-పికో 1832లో ప్యారిస్ పండితులకు చెబితే వాళ్లు నమ్మలేదు. 1841లో జంతుశాస్త్రవేత్త వలాన్సియెన్ అక్కడి జంతుశాలలోనే గుడ్లు పొదుగుతున్న కొండచిలువ వేడి కొలిచాకే ఆ మాట నిలబడింది. తిరుగుదారిలో ఇది చెబితే సర్దార్జీ రిక్షా ఆపి మరీ విన్నాడు.

మన నల్లమలలోనూ ఉన్నది ఈ జాతే. విషం లేదు, 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, అయినా భయంతో కొట్టి చంపేస్తూనే ఉన్నారు.

భరత్‌పూర్ వెళ్లాలనుకుంటే డిసెంబర్, జనవరి నెలలు మంచివి. మంచి బైనాక్యులర్ పట్టుకెళ్లండి. దారి దిగకండి, గైడ్ ఎక్కడ ఆపితే అక్కడే ఆగండి.